తవుడుకిచ్చిన బిడ్డ

బిక్షమ్మ ఫ్రాన్సు దేశం పోతాందంటే కట్టంగూర్ల నవ్వనోళ్ళు లేరు. చాయ్ హోటల్ కాడ గుర్వయ్య, "ఏంది బిక్షమ్మా, ఆడ బత్తాయిలు తెంపెతందుకు కూలోళ్ళు దొర్కుతలేరా?" అన్నడు. పక్కన కూసున్నోడు, "పాస్‌పోర్టు ఫోటోల నోరు తెరవకే, ఆ పండ్లు జూస్తే ఇమానం ఎక్కనియ్యరు" అన్నడు. బిక్షమ్మ పండ్లు ఇటుకపొడి రంగు. ఆ ఫ్లోరైడు బోరునీళ్ళు తాగి పెరిగినోళ్ళం, మాలో ఎవలవి తెల్లగున్నయి గనుక! నవ్వినోని పండ్లూ గవ్వే. అయినా నవ్విండు, సిగ్గులేనోడు.

బిక్షమ్మ ఎవల మాటా పట్టించుకోలే. నలభై ఏడేండ్ల మనిషి. బత్తాయి తోటలల్ల, పత్తి చేన్లల్ల వంగి వంగి నడుము బిగుసుకపోయిన మనిషి. అడిగినోళ్ళందరికీ ఒక్కటే చెప్పింది. "నా బిడ్డ ఆడున్నది. పోయి దాని కండ్లల్లకు జూసి ఒక్క మాట చెప్పొస్త. నిన్ను నేనియ్యలే బిడ్డా, అని. గంతే. అది ఇంటె సాలు, ఆడ్నే సచ్చినా నాకు ఫికర్ లేదు."

ఆ ఒక్క మాట ఎందుకు చెప్పాల్సొచ్చిందో తెల్వాలంటే బిక్షమ్మ పేరు కాడికెల్లి మొదలువెట్టాలె.

బిక్షమ్మ తల్లికి ముందుగాల ముగ్గురు పిల్లలు పుట్టి పోయిండ్రు. నాలుగోది బిక్షమ్మ. ముసలోళ్ళు చెప్పినట్టు, పుట్టిన మూడోనాడు పిల్లను కొత్త చాటల పండవెట్టి, పరాయి ఇంటి ఆడామె చేతికిచ్చి, ఆమె తాన సోలెడు తవుడు తీసుకున్నది తల్లి. "ఇది నా పిల్ల కాదు, తవుడుకిచ్చిన" అని మూడుమాట్ల గట్టిగ అని, ఎనక్కి తిరిగి చూడకుంట ఇంటికొచ్చింది. ఆ ఇంటి పిల్లల మీద కన్నేసిన సావు, ఇది ఈ ఇంటిది కాదనుకోని వదిలిపెట్టాలె, గదీ మతలబు. తొమ్మిది దినాలైనంక అదే తల్లి ఆ పరాయామె కడప ముందట నిలవడి, కొంగు పరిచి, "భిక్ష పెట్టు తల్లీ" అని అడిగింది. ఆమె పిల్లను తెచ్చి కొంగుల ఏసింది. అడుక్కొచ్చుకున్న పిల్ల గాబట్టి బిక్షమ్మ. ఆ పిల్ల బతికింది. మా దిక్కు ఊరికి పదిమంది బిక్షపతులు, బిక్షమ్మలు ఉంటరు. శానామందిది గిదే కథ. ఇది నమ్మకమో పిచ్చో నన్నడుగకుండ్రి. పిల్లలు పోయిన తల్లిని అడుగుండ్రి.

బిక్షమ్మకు బాలస్వామితోని పెండ్లయినంక ఇద్దరు పిల్లలు పుట్టిండ్రు. మొదటోడు అయిదు నెలలకు కక్కుళ్ళు, బేదులతోని పోయిండు. రెండోది కండ్లే తెరవలే. మూడోది ఆడపిల్ల, నల్లగ నిగనిగలాడుకుంట పుట్టింది, గొంతు చూస్తే వాడకట్టంత ఇనవడుతది. ఆ గొంతు ఇన్నకొద్దీ బిక్షమ్మకు భయమైంది. మూడోనాడు చాటల వెడదామన్నది. ఆమెకు అనుమానమేముంటది? చాటల పెట్టినోళ్ళు బతుకుతరని చెప్పెతందుకు తానే సాక్ష్యమాయె.

గని చాట అందుకునెటోళ్ళు ఎవలు? ఇద్దరు పిల్లలు పోయిన ఇల్లు, మూడోదాన్ని మా చేతులల్ల పెట్టుకోమంటే వాడకట్టు ఆడోళ్ళంత ఏదో ఒక పని చెప్పి తప్పుకున్నరు. గప్పుడు బాలస్వామి, "నల్లగొండల పిల్లల ఆశ్రమం లేదా, ఆడ రూప అని ఆయా ఉన్నది. మంచి మనిషి. ఆడ పాలపొడి ఉంటది, డాక్టరు ఉంటడు. తొమ్మిది దినాలే గదనే" అన్నడు. మొగడు ఎన్నడూ ఇంత ఫికర్ జెయ్యలే. బిక్షమ్మ సంబురపడ్డది, పిచ్చిది.

మూడోనాడు పొద్దుగాల రూప ఆటోల వచ్చింది. బిక్షమ్మ చాట అందించి, తవుడు కొంగుల పోసుకోని, మూడుమాట్ల అనేది అన్నది. తిరిగి నాలుగడుగులేసిందో లేదో పిల్ల కెవ్వుమన్నది. పాలు రైక మీద కారినయి. మెడ తిరిగిందా అంటే తిరిగింది, ఆవగింజంత. ఆటో కొస మాత్రం కండ్లవడ్డది.

తొమ్మిదోనాడు ఆశ్రమం గేటు కాడికి పోయి కొంగు పరిచింది. గేటుకాడోడు, "రూప లేదు, పిల్లా లేదు, పో" అన్నడు. పొద్దుమీకేదాక కొంగు పట్టుకోని ఆడ్నే నిలవడ్డది. ఆఖరికి బాలస్వామి వచ్చి జబ్బ పట్టుకోని పక్కకు తీసుకపోయి చెప్పిండు. "పిల్లకు జరమొచ్చిందట. పట్నం దవాఖానకు తీసుకపోయిండ్రు. దక్కలే. నేనే బొంద వెట్టొచ్చిన."

ఇగ అంతే. మళ్ళ కడుపు పండలే. ఆ ఏడాదే బాలస్వామికి జడ్చర్లల ఆశ్రమమోళ్ళదే ఒక బడిల వాచ్‌మన్ కొలువైంది, వారంవారం ఇంటికొచ్చి పోతుండె. మొగనికి నీడపట్టున కూసునే పని దొర్కిందని ఊరోళ్ళు అన్నరు. బిక్షమ్మకు అవేవీ పట్టలే. ఆమెకు ఒక్కటే తెల్సు. తాను మెడ తిప్పింది, సావు చూసింది, పిల్ల పోయింది. నేనే సంపుకున్న అని ఇరవై రెండేండ్లు అనుకున్నది. దాని ఈడు పిల్లలు బడికి పోతుంటె చూసి ఇంట్లకు పోయి తలుపేసుకునేది. ఆ ఆవగింజంత మెడకు ఇరవై రెండేండ్ల శిక్ష, ఏ కోర్టు ఏస్తది చెప్పుండ్రి!

రెండేండ్ల కింద శ్రీవాణి అని ఒక పిల్ల కారుల వచ్చింది. హైదరాబాదుల పుట్టి ఫ్రాన్సుల చదువుకోని ఆడ్నే ఉంటాంది. ఇక్కడికెల్లి దత్తత పోయిన పిల్లల తల్లులను వెతికిపెట్టే సంఘంల పనిచేస్తది. ఫోన్ల ఫోటో చూపెట్టి, "అమ్మా, ఈమె పేరు ఎలోడీ. మీ అమ్మాయి" అన్నది.

బిక్షమ్మ ఫోన్ను చూడలే, ముందుగాల మొగని దిక్కు చూసింది. "బొంద వెట్టిన అంటివి గదా?"

బాలస్వామి మొఖం సున్నమైంది. "నాకూ సచ్చిపోయిందనే చెప్పిండ్రే. పీనుగను చూపియ్యలే. ఆ మాట చెప్తే నీకు పిచ్చి లేస్తదని గట్ల అన్న." బిక్షమ్మ నమ్మింది. సచ్చిన పిల్ల లేచొస్తే కోపానికి జాగా ఏడుంటది? ఫోన్ తీసుకోని ఎదకు పెట్టుకున్నది, శ్రీవాణి మళ్ళ అడిగినా ఇయ్యలే.

గని శ్రీవాణి ఇంకో ముక్క చెప్పింది. ఎలోడీ ఇండియాకు రానంటాంది. కన్నతల్లి వద్దనుకోని ఇచ్చేసిందని కాయితంల రాసున్నదట. పిల్లలను అమ్ముకున్నరని ఆ ఆశ్రమమోళ్ళ మీద కేసులైనయని పేపర్ల చదివి, పెంచిన తల్లితోని గూడ మాట్లాడుడు బంద్ చేసింది. పెంచినామె పేరు బ్రిజిత్. ఆమెనే టికెట్ కొని బిక్షమ్మను పిలిపిస్తాంది, మూడు దినాలకు. ఒక్కసారి చూస్త, అంతే అన్నదట ఎలోడీ.

"ఒక్కసారి సాలు" అన్నది బిక్షమ్మ.

పాస్‌పోర్టుకు, వీసాకు తిరిగి తిరిగి రెండేండ్లు పట్టింది. ఇమానం సంగతి చెప్తే పొద్దువోతది, వదిలేద్దాం. ఇమానం దిగినంక శ్రీవాణి కారుల మూడు గంటలు పోయిండ్రు. రెండు దిక్కులా ద్రాక్షతోటలే. పందిళ్ళు లేవు, ఏం లేవు, నడుమెత్తు చెట్లు వరుసకు నిలవడ్డయి. ఆ తోటల నడుమ ఒక గుట్ట, గుట్ట మీద రాతి ఇండ్లు, అన్నిటికంటె మీద ఒక గంటగుడి. ఆ ఊరిపేరు బిక్షమ్మకు నోరు తిరగలే. గుట్టూరు అన్నది. మనమూ గట్లనే అందాం.

గుట్టూర్ల కారు పోయే తొవ్వ లేదు. కింద ఆపి సందుల పొంటి నడవాలె. పట్టపగలు ఒక్క మనిషి లేడు. కిటికీలన్నిటికి చెక్కతలుపులు మూసున్నయి. ఒక ముసలి కుక్క కండ్లు తెరిచి చూసి, మొరుగుడు దండుగ అనుకోని మళ్ళ పండుకున్నది. బిక్షమ్మ చెప్పుల సప్పుడు ఆమెకే ఇనవడి సిగ్గైంది. "ఏం బిడ్డా, ఊర్ల ఎవలన్న పోయిండ్రా?" అని చిన్నగ అడిగింది.

శ్రీవాణి నవ్వి, "లేదమ్మా. ఇక్కడ ఎప్పుడూ ఇంతే. గట్టిగా మాట్లాడినా కిటికీలోంచి తొంగి చూస్తారు" అన్నది.

బ్రిజిత్ గడపలనే నిలవడి ఉన్నది. అరవై దాటినామె, సన్నగ, తెల్లటి జుట్టు పొట్టిగ కత్తిరించుకున్నది. మొగడు పోయిండు, రెండెకరాల ద్రాక్షతోట ఆమెనే చూసుకుంటది. బిక్షమ్మ రెండు చెంపలకు చెంప ఆనించి ఏడ్చింది. ఆమె ఎనక ఎలోడీ.

దేవుడా! బిక్షమ్మ చెల్లె ఎవలన్న ఉంటె గట్లనే ఉండేది. గదే నుదురు, గదే పొడుగు మెడ. చెయ్యి ముందటికి చాపింది పిల్ల, ఆఫీసర్లకు ఇచ్చినట్టు. బిక్షమ్మ ఆ చెయ్యి రెండుచేతుల పట్టుకోని వదలలే. పిల్ల మర్యాదకు కొద్దిగ నవ్వితె పండ్లు కనవడ్డయి. పాలలెక్క తెలుపు. మా నీళ్ళు తాగలే, బతికిపోయింది అనుకున్నది. అంటే ఈడుంటెనే మంచిగున్నదా? ఆ ఆలోచన రానియ్యొద్దని మెల్లగ చెయ్యి వదిలింది.

ఆ మాపటికి తిండికాడ ఎర్రటి వైన్ పోసి ఇచ్చిండ్రు. ఒక గుక్క తాగి, "మా కల్లు దీనికంటె నయం" అన్నది. శ్రీవాణి చెప్తే బ్రిజిత్ నవ్వింది, ఎలోడీ నవ్వలే. తిని లేచి మీది అర్రలకు పోయింది. పిల్ల పోయినంక బ్రిజిత్ బిక్షమ్మ పక్కన కుర్చీ జరుపుకోని శానాసేపు మాట్లాడింది. శ్రీవాణి తలవంచుకోని చెప్పింది.

"అమ్మా, ఈమె మిమ్మల్ని ఒకటి కోరుతున్నారు. రెండేళ్ళుగా అమ్మాయి ఈమెను అమ్మా అని పిలవట్లేదట, పేరు పెట్టి పిలుస్తోందట. దొంగ సొమ్ము కొన్నావని అందట. 'నీ బాగు కోసం నా ఇష్టంతోనే ఇచ్చాను' అని మీ నోటితో మీరు చెబితే, ఆ పిల్ల మనసు కుదుటపడుతుంది అంటున్నారు."

బిక్షమ్మ ఆమె దిక్కు చూసింది. ముసలామె కండ్లు ఉబ్బి ఉన్నయి. ఆమే తల్లే గదా, దుఃఖం దుఃఖమే. జాలేసింది. జాలేసినా, "ఆమెకు చెప్పు బిడ్డా. నేను కూలికి పోయి బతికిన గని అబద్ధం చెప్పి బతకలే. ఆ ఒక్క మాట తప్ప ఏదన్న అడుగుమను" అన్నది. బ్రిజిత్ గిలాసలు తీసుకపోయి కడుగుకుంట నిలవడ్డది.

రెండోనాడు తోటల కోత. అంతటా మిషన్లు కోస్తయట గని బ్రిజిత్ తోట గుట్టవాలున ఉన్నది, చేతులతోనే కొయ్యాలె. ఎలోడీ సుత ఒక బకెటు, కత్తెర తీసుకోని దిగింది. బిక్షమ్మకు గూడ కత్తెర ఇచ్చిండ్రు. కాసేపు దాంతోని తిప్పలవడ్డది. ఇగ ఇది నాతోని కాదని కొంగు నడుముకు చెక్కి, కత్తెర బకెట్ల ఏసి, గుత్తి కింద అరచెయ్యి పెట్టి తొడిమెను బొటనేలి గోటితోని తుంచుడు షురూ జేసింది. బత్తాయిలు తెంపిన చెయ్యి, దానికి నేర్పాల్నా! మిగిలినోళ్ళు ఒక సాలు కొసకు పోయేవరకు ఆమె రెండో సాలు సగంల ఉన్నది. ఆడున్న కూలోళ్ళు సీటీలు కొట్టిండ్రు.

ఎలోడీ వచ్చి ఆమె పక్కన సాలుకు నిలవడ్డది. కాసేపు చూసి, తాను సుత కత్తెర పడేసి గోటితోని తుంచబోయింది. రాలే. బిక్షమ్మ ఆ బొటనేలు పట్టుకోని, గోరు ఎక్కడ ఆనించాల్నో, ఎట్ల తిప్పాల్నో చూపెట్టింది. గుత్తి తెగి చేతులవడ్డది. పిల్ల పకపక నవ్వింది. గప్పుడు మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. "బిక్‌షమా" అన్నది. బిక్షమ్మకు కండ్లు మసకలై సాలు కనవడలే, అయినా చేతులు ఆపలే. పెయ్యంత మన్ను, ద్రాక్షరసం, ఈగలు. ఆమె బతుకుల అంతకంటె మంచి దినం నాకైతె తెల్వది.

ఆ మాపున అన్నం బల్లకాడ ఎలోడీ తనంతట తానే కుర్చీ దగ్గరికి జరుపుకోని కూసున్నది. శ్రీవాణిని అడిగింది, బిక్షమ్మ అంటే ఏందని.

గీ ప్రశ్న కోసమే గదా ఇంత దూరం వచ్చింది! బిక్షమ్మ మొఖం విచ్చుకున్నది. చెప్పెతందుకు ఇంతకంటె మంచి తొవ్వ ఏముంటదనుకున్నది. తల్లికి ముగ్గురు పోయింది చెప్పింది, తాను చాటకెక్కింది చెప్పింది. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్నది చెప్పింది. "నువ్వన్న దక్కాలని చాటల పండవెట్టిన బిడ్డా" అన్నది. చేతులతోని చాట ఇంత అని చూపెట్టింది. "ఇది నా పిల్ల కాదు అని మూడుమాట్ల అన్న. సోలెడు తవుడు తీసుకున్న" అన్నది, ఎంతో గర్వంగ.

శ్రీవాణి చెప్పుకుంట చెప్పుకుంట ఒకకాడ ఆగింది. అమ్మ గీ మాట ఏ మొఖంతోని అంటాందో, ఆ మొఖం ఫ్రెంచిల ఎట్ల చెప్పాల్నో ఆ పిల్లకు తెల్వలే. ఆచారం అన్నది, ప్రాణం నిలవడానికి చేసే మొక్కు లాంటిది అన్నది. ఎలోడీ ఒక్కటే అడిగింది, తవుడు అంటే ఏంది. పశువులకు పెట్టేది అని చెప్పింది శ్రీవాణి. అబద్ధమేం కాదాయె.

ఎలోడీ లేచి మీదికి పోయి ఒక కాయితం తెచ్చింది. ప్లాస్టిక్ కవర్ల పెట్టి జాగ్రత్త చేసుకున్న కాయితం. బల్ల మీద బిక్షమ్మ ముందట పెట్టి, కింద నీలిరంగు ఏలిముద్ర మీద తన ఏలు పెట్టింది. ఇది నీదేనా?

బిక్షమ్మకు యాదికొచ్చింది. పురిటి జరంల పండుకోని ఉంటె రూప వచ్చి, పిల్లకు సూదిమందు కార్డు అని బొటనేలికి సిరా రాసింది. బాలస్వామి పక్కన కూసోని, "ఎయ్యి, మందులు ఫ్రీ ఇస్తరట" అన్నడు. "నాదే, గని అది సూదిమందు కార్డు బిడ్డా" అన్నది. అనుకుంటనే ఆమె కండ్లు ఏలిముద్ర పక్కకు జరిగినయి. ఆడ ఒక సంతకం ఉన్నది.

ఆమెకు సదువు రాదు. గని ఆ సంతకం తెల్సు. రాత్రిబడిల బాలస్వామి నేర్చుకున్నది ఒక్క తన పేరే. బియ్యం కార్డు మీద, గ్యాస్ బుక్కు మీద, బ్యాంకు కాయితం మీద ఇరవై అయిదేండ్లుగ చూస్తనే ఉన్నది, ఆఖరి అచ్చరం తోక కిందికి గుంజి రెండుమాట్ల గీస్తడు. రెండు గీతలు.

"ఇది ఎన్నడు రాసింది బిడ్డా?" అని శ్రీవాణిని అడిగింది.

శ్రీవాణి తారీఖులు చూసి చెప్పింది. "పాప పుట్టిన రెండో రోజునమ్మా. తల్లిదండ్రులిద్దరూ ఇష్టపూర్వకంగా ఇస్తున్నామని ఉంది."

చాటల పెట్టింది మూడోనాడు. తాను "నా పిల్ల కాదు" అని సావును మోసం జేస్తాననుకున్నప్పటికి, ఆ మాట కాయితం మీద ఒకనాడు ముందే నిజమైపోయింది. రూపను తెచ్చింది ఆయన. బొంద వెట్టిన అన్నది ఆయన. "నేనే మెడ తిప్పిన" అని ఆమె ఏడ్చినప్పుడల్ల ఓదార్చకుంట ఊకున్నది ఆయన. ఇరవై నాలుగేండ్లు అదే మనిషికి వండిపెట్టింది, కాళ్ళ నొప్పులంటె నూనె రాసింది. ఇప్పుడు సుత పొద్దున ఫోన్ జేసి గోలీలు ఏసుకున్నవా అని అడిగింది ఆయననే! థూ, ఏం బతుకు!

ఎలోడీ ఏదో అడిగింది. శ్రీవాణి చెప్పింది, "మీ ఆయనకు ఏమిచ్చారు అని అడుగుతోంది."

"కొలువు" అన్నది బిక్షమ్మ. మొద్దుబారి, మాట ఏ దిక్కు పోతాందో తెల్వకనే అన్నది. "జడ్చర్లల వాచ్‌మన్ కొలువు."

ఆ ఒక్క మాట చెప్పాల్సింది గప్పుడే. నేనియ్యలే బిడ్డా, నాకు తెల్వది, నన్ను సుత మోసం జేసిండు. ఇది చెప్పెతందుకే ఇమానమెక్కింది. పిల్ల ఎదురుంగ కూసోని, కండ్లల్లకు చూసుకుంట, ఆమె నోటికెల్లి ఏమొస్తదోనని చూస్తాంది. బిక్షమ్మ నోరు తెరిచింది. మనసంత కట్టంగూర్ల, ఆ మనిషి గొంతు మీద ఉన్నది. మాట రాలే. ఎంతసేపు అట్ల కూసున్నదో ఆమెకే తెల్వది. తేరుకునేవరకు కుర్చీ ఖాళీ. మీద తలుపు వడ్డ సప్పుడైంది. ఆడిది ఏం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటది లోకం. ఆ పిల్లా గట్లనే అనుకున్నది.

ఆ రాత్రంత ఏమైందో అడగకుండ్రి. మూడోనాడు పొద్దుగాల శ్రీవాణి బ్యాగులు తీసుకోని కింద కారుకాడికి పోయింది. బిక్షమ్మ కడప దాటి సందులకు వచ్చింది. మీద కిటికీ మూసున్నది. పిల్ల దిగిరాలే. ఇగ పోవుడే అనుకోని నాలుగడుగులు ఏసింది.

గప్పుడు కాళ్ళు ఆగినయి. సగం పని అట్లనే ఉన్నదని యాదికొచ్చింది. ఇచ్చుడైతె ఇచ్చింది గని, అడుక్కొచ్చుకునుడు ఇంకా కాలే. గేటు కాడ గెదిమిండ్రు. ఎవల కడప కాడ అడగాల్నో ఇన్నేండ్లు తెల్వలే, ఇప్పుడు తెల్సు. ఇది మూర్ఖమని అంటరా? అనుండ్రి. మాట రాని దాని తాన ఇంకేమున్నది?

మర్లొచ్చి బ్రిజిత్ కడప ముందట మోకాళ్ళ మీద కూసున్నది. కొంగు రెండుచేతుల పరిచింది. "భిక్ష పెట్టు తల్లీ!" అని గొంతెత్తింది. "నా బిడ్డను నాకియ్యి తల్లీ! తొమ్మిది దినాలకని ఇచ్చిన, ఇరవై నాలుగేండ్లాయె! నేనియ్యలే తల్లీ, నా పిల్లను నా కొంగుల వెయ్యి!" ఆ రాతి సందుల ఆ గొంతు గుట్ట మీదిదాక పోయింది. సుట్టుపక్కల చెక్కతలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నయి. మనుషులున్న ఊరేనని గప్పుడు తెల్సింది.

బ్రిజిత్ ఉరుక్కుంట వచ్చింది. ఎదురింటోళ్ళు చూస్తాండ్రు, ముసలామెకు ఒకదిక్కు సిగ్గు, ఒకదిక్కు దుఃఖం. మాట తెల్వది, ఆచారం తెల్వది. కనవడ్డదల్ల ఒక బీద ఆడిది చీరకొంగు పరిచి అడుక్కుంటాంది. లోపలికి పోయి బ్యాగుల చెయ్యివెట్టి ఎన్ని వస్తే అన్ని నోట్లు గుంజుకొచ్చి, ఏడ్చుకుంట, రెండుచేతులతోని ఆ కొంగుల ఏసింది.

కొంగుల పడ్డ భిక్షను భూమ్మీద పడనియ్యొద్దు. మా ఆడోళ్ళకు పాలతోని నేర్పే సంగతి. ఏం పడ్డదో బిక్షమ్మ చూడలే, ఆమె కండ్లు తలుపు మీదున్నయి. చేతులు వాటంతటవి కొంగును కూడగట్టి ఎదకు బిగవట్టినయి.

గదే క్షణాన మెట్ల మీదికెల్లి ఎలోడీ దిగింది. బరికాళ్ళ మీద ఉరికొచ్చినట్టున్నది, ఊపిరి ఎగపోస్తాంది. ఆ అరుపు ఇని వచ్చిందో, ఇంక దేనికి వచ్చిందో ఆమెకే తెల్వాలె. కడప కాడ ఆగింది. తల్లి ఎద మీద కొంగు మూట చూసింది, అందులకెల్లి బయటికి కనవడ్డ నోట్ల కొసలు చూసింది, ఆ బిగవట్టిన పిడికిళ్ళు చూసింది. ఎగపోసే ఊపిరి నిదానమైంది. సప్పుడు ఇని అప్పుడే సందులకు ఉరికొచ్చిన శ్రీవాణి దిక్కు తిరిగి ఏదో చిన్నగ చెప్పి, లోపలికి పోయింది.

శ్రీవాణి లేపి నడిపించి కారుల కూసోవెట్టింది. తోటలు మొదలైనంక బిక్షమ్మ అడిగింది.

"నేనియ్యలే అన్న మాట ఆఖరికన్న చెప్పినవా బిడ్డా?"

"చెప్పానమ్మా. రాత్రి తలుపు బయట నిలబడి చెప్పాను. ఇందాక గడప దగ్గర కూడా చెప్పాను."

"అదేమన్నది?"

శ్రీవాణి తొవ్వ దిక్కే చూసుకుంట నడిపింది. తర్వాత చెబుతానమ్మా అన్నది. బిక్షమ్మ మళ్ళ అడిగింది. మూడోసారి అడిగింది. ఇంత దూరం వచ్చిన, నా బిడ్డ ఆఖరి మాట నాకు దక్కనియ్యవా అన్నది.

"'ఆ డబ్బు ఉంచుకోనీ' అంది" అన్నది శ్రీవాణి. "'పోయినసారి ఆయనకు దక్కింది. ఈసారన్నా ఆమెకు దక్కనీ' అంది."

శ్రీవాణి కారు ఆపలే. ఇమానానికి టైమైతాంది.